ఖరీదైన పంటి ఇంప్లాంట్ ఎముకకి త్వరగా పట్టుకుంటుందా? మా అమ్మకి రెండు రకాలూ వేయించాం

గుంటూరులో డాక్టరు గారు మీ నాన్నగారి ఇంప్లాంట్‌కి రెండు రేట్లు చెప్పారు, ఎక్కువ రేటుది ఎముకకి త్వరగా పట్టేస్తుందన్నారు, అది నిజమా వ్యాపారమా అని మీరు అడిగారు. నిజమేనండి. కాకపోతే తేడా వారాల్లోనే, ఏళ్లలో కాదు.

మా అమ్మకి విజయవాడ సూర్యారావుపేటలో కింది దవడకి ఎస్‌ఎల్‌ఏ అనే మామూలు రకం, పైదవడ వెనక పన్నుకి ఎస్‌ఎల్‌యాక్టివ్ అనే ఖరీదైన రకం వేశారు. మామూలుదంటే నున్నటిది అనుకోకండి. టైటానియం మీద గరుకు పొడిని గట్టిగా చిమ్మి, తర్వాత యాసిడ్‌తో సన్నటి గుంటలు చేస్తారు. రక్తం గడ్డ ఆ గుంటల్ని పట్టుకుంటుంది, దాని వెంట వచ్చిన కణాలు నేరుగా ఇంప్లాంట్ మీదే ఎముక కడతాయి. 1965లో స్వీడన్‌లో బ్రోనెమార్క్ అనే వైద్యుడు మొదటిసారి మనిషికి పెట్టినవి నున్నటి స్క్రూలే. ఆ పద్ధతిలో పన్ను బిగించడానికి కింద సుమారు 3 నెలలు, పైన 6 నెలలు ఆగేవారు. గరుకు వచ్చాక అది 6–8 వారాలకి దిగింది.

ఖరీదైనదానికీ అదే గరుకు. కాకపోతే టైటానియానికి గాలి తగిలితే కార్బన్ పేరుకుని తడి అంటదు కాబట్టి, దీన్ని సెలైన్‌లోనే ఉంచి అమ్ముతారు. డాక్టరు గారు చిన్న గొట్టంలోంచి తడితడిగానే తీశారు. కొనకి రక్తం తగలడమే ఆలస్యం, స్క్రూ మరల మీదుగా దానంతటదే పైకి పాకింది.

ఇంప్లాంట్ బిగించాక 2–4 వారాల మధ్య మొదటి పట్టు సడలుతుంది, కొత్త ఎముక ఇంకా గట్టిపడదు. ఈ రకం ఆ గడ్డుకాలాన్ని కుదిస్తుంది, 3–4 వారాలకే పన్ను పెట్టొచ్చని కంపెనీ మాట. అమ్మకి షుగర్ ఉందని మా డాక్టరు గారు మాత్రం తొందరపడకుండా రెండింటికీ ఒకేసారి క్యాపులు పెట్టారు! అయినా పైదవడ వెనక ఎముక మెత్తన, అక్కడ పెట్టిన డబ్బు దండగని నేననుకోను.

మీ నాన్నగారిది కింది దవడ అయి, ఎముక గట్టిగా ఉంటే మామూలు ఎస్‌ఎల్‌ఏ చాలు. సిగరెట్ అలవాటుంటే ముందు అది మాన్పించండి, లేకపోతే ఏ రకం పెట్టినా రిస్కే. చిగురు దిగి ఆ గరుకు బయటపడితే పాచి అక్కడే ఎక్కువ పడుతుంది, అందుకని సందుల్లో తోమే చిన్న బ్రష్ తప్పనిసరి.

ఏది వేయించినా ప్యాకెట్ మీది లాట్ నంబరు స్టిక్కర్ అడిగి ఫైల్లో అంటించుకోండి. రేపు ఇంకో ఊళ్లో స్క్రూ వదులైతే అక్కడి డాక్టరు మొదట అడిగేది అదే.