కంటి వెనక రక్తం: స్కాన్ కన్నా ముందే కోత ఎందుకు?

ప్రశ్న: మా నాన్నగారికి 63 ఏళ్లు. గుండెకు స్టెంట్ వేశాక రక్తం పల్చబడే మాత్రలు వాడుతున్నారు. పోయిన వారం మేడమెట్ల మీద జారి, కుడికంటికి రెయిలింగ్ బలంగా తగిలింది. గంటలోపే కన్ను ముందుకు పొడుచుకొచ్చి చూపు మసకబారింది. ఎమర్జెన్సీకి తీసుకెళ్తే స్కాన్ కూడా తీయకుండా కంటి మూల దగ్గర కోశారు. చూపు చాలావరకు తిరిగొచ్చింది. అయినా ఆ డాక్టర్ తొందరపడ్డారని బంధువులు అంటున్నారు. నిజమేనా? మాత్రలు ఆపేయాలా?
– ఓ పాఠకురాలు, గాజువాక

జవాబు: తొందరపాటు కాదమ్మా. మీరు రాసిన లక్షణాలను బట్టి చూస్తే ఆ డాక్టర్ సరైన పనే చేశారు.

కనుగుడ్డు ఉండే ఎముకల గూడులో చోటు సుమారు 30 మిల్లీలీటర్లే. చుట్టూ ఎముక, ముందు రెప్పలు, ఆ రెప్పల్ని ఎముకకు కట్టి ఉంచే గట్టి తంతులు. దెబ్బకు లోపల రక్తనాళం చిట్లితే, చేరిన రక్తానికి బయటికి దారి ఉండదు. ఒత్తిడి పెరిగి కనుగుడ్డును ముందుకు తోస్తుంది. చూపు నరానికీ రెటీనాకూ రక్తం అందదు. అలా గంటన్నర, రెండు గంటలు గడిస్తే పోయిన చూపు మళ్లీ రాకపోవచ్చు. స్కాన్ గది ఖాళీ అయ్యేదాకా ఆగితే ఆ సమయం అక్కడే అయిపోతుంది. అందుకే దీన్ని డాక్టరే కంటితో చూసి, చేత్తో తాకి గుర్తుపట్టాలి. స్కాన్ తర్వాత తీయొచ్చు.

చాలామంది లోపలి రక్తం తీయడానికే కోశారనుకుంటారు. అది కాదు. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి కంటి బయటి మూలను కొద్దిగా కోసి, కింది రెప్పను పట్టి ఉంచే తంతును తెంచుతారు. దాంతో కనుగుడ్డు ముందుకు జరగడానికి చోటు దొరికి ఒత్తిడి దిగుతుంది. చర్మం ఒక్కటే కోసి ఆ తంతును వదిలేస్తే పెద్దగా ఫలితం ఉండదు. కంటి ఒత్తిడి తగ్గించే అసిటజోలమైడ్, మానిటాల్ అనే మందులు, కంటి చుక్కలు తోడుగా ఇస్తారు గానీ కోతకు అవి బదులు కావు. గాయం సాధారణంగా బాగానే మానుతుంది, కొందరికి తర్వాత కుట్లు అవసరమవుతాయి. మచ్చ గురించి బెంగ వద్దు.

నన్ను ఎక్కువగా భయపెట్టేది వేరే ఉంది. రెప్పలు వాచి కన్ను మూసుకుపోతే ఇంట్లోవాళ్లు ‘వాపే కదా, పొద్దున చూద్దాం’ అంటారు. దయచేసి అలా పడుకోబెట్టకండి. బాగున్న కన్ను మూసి, దెబ్బ తగిలిన కంటికి వేళ్లు కనిపిస్తున్నాయో లేదో అడగండి. రెప్ప తెరుచుకోకపోతే ఫోన్ టార్చ్ వెలుతురు తెలుస్తోందా అడగండి. తీవ్రమైన నొప్పి, బిగుసుకుపోయిన రెప్పలు, ముందుకొచ్చిన కన్ను, అటూఇటూ తిరగని గుడ్డు, తగ్గుతున్న చూపు ఉంటే వెంటనే 108కి ఫోన్ చేయండి. నొప్పి లేకుండా, చూపు బాగానే ఉండి, తెల్లగుడ్డు మీద ఎర్రమరక ఒక్కటే ఉంటే అది వేరు, ఇంత ప్రమాదం కాదు.

దారిలో కంటిని నొక్కకూడదు, గట్టిగా కట్టు కట్టకూడదు, ఐస్ ఒత్తిపెట్టకూడదు. గుడ్డే చితికి ఉంటే ఆ ఒత్తిడితో ఇంకా పాడవుతుంది. తల ఎత్తుగా ఉంచండి, ముక్కు చీదనివ్వకండి, నొప్పికి ఆస్పిరిన్ లాంటివి వేయకండి. కంటి స్పెషలిస్ట్ కోసం గాజువాక నుంచి హనుమంతవాక దాకా ఊరంతా దాటి వెళ్లాలనుకోవద్దు. 24 గంటల ఎమర్జెన్సీ ఉన్న దగ్గరి ఆసుపత్రికి ముందు చేరండి. ఈ కోత శిక్షణ ఉన్న ఎమర్జెన్సీ డాక్టర్ కూడా చేయగలరు. వెళ్లగానే రక్తం పల్చబడే మాత్రల చీటీ చూపించండి.

ఆ మాత్రలు మీ అంతట మీరు ఆపకండి. స్టెంట్‌లో గడ్డ కడితే ప్రాణానికే ముప్పు. గుండె డాక్టరూ కంటి డాక్టరూ మాట్లాడుకుని తేల్చాలి. నాన్నగారికి మళ్లీ నొప్పి వచ్చినా, చూపు తగ్గినా, ఎర్రరంగు ఆ కంటికి వెలిసినట్టు కనిపించినా రివ్యూ తేదీ దాకా ఆగకుండా అదే రోజు తీసుకెళ్లండి.