లాప్‌టాప్ కొన్నది కంపెనీ కోసం, బిల్లు మాత్రం నా పేరున. ఖర్చు చూపించుకోవచ్చా?

ప్రశ్న: బెంగళూరు మారతహళ్ళిలో మాకు చిన్న సాఫ్ట్‌వేర్ ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ ఉంది. నేనూ మా బావమరిదీ డైరెక్టర్లం. 2025 జూన్‌లో రిజిస్టర్ అయింది, జీఎస్టీ నంబరు కూడా ఉంది. అంతకుముందే, జనవరిలో, నా పేరున లక్షన్నర పెట్టి రెండు లాప్‌టాప్‌లు కొన్నాను. ఇప్పుడు కంపెనీ పని వాటి మీదే నడుస్తోంది. ఆగస్టులో ఎస్‌పీ రోడ్డులో మూడు డెస్క్‌టాప్‌లు అసెంబుల్ చేయించాం. మొత్తం 1,40,000 అయితే 90,000 ఒకేసారి నగదుగా ఇచ్చి, మిగతాది కంపెనీ ఖాతా నుంచి పంపాం. బిల్లు లేకపోతే జీఎస్టీ పడదన్నారు, సరేనన్నాం. చేతిలో ఉన్నది ఎస్టిమేట్ చీటీ ఒక్కటే. మళ్ళీ 2026 మార్చి 27న కంపెనీ పేరున మూడు లాప్‌టాప్‌లు, 2,10,000, జీఎస్టీ 37,800 అదనం. ఒకటి ఆ వారంలోనే తీశాం. కొత్త ఉద్యోగులు ఏప్రిల్‌లో చేరారు కాబట్టి మిగతా రెండూ అప్పటిదాకా డబ్బాల్లోనే ఉన్నాయి. అమెరికాలో ఉన్న మా తమ్ముడు అక్కడ కంప్యూటర్ ఖర్చంతా అదే ఏడాది రాసేసుకుంటారంటాడు. మా ఆడిటరు కుదరదంటున్నారు. ఎవరి మాట నిజం? ఈ ఏడాది ఎలాగూ నష్టమే కనుక క్లెయిమ్‌ను వచ్చే ఏడాదికి అట్టిపెట్టుకోవచ్చా? ఒక లాప్‌టాప్‌ను ఇంట్లో మా అబ్బాయి కూడా వాడుతుంటాడు. అదేమైనా ఇబ్బందా?

జవాబు: మీ ఆడిటరు చెప్పిందే సరి. మీ తమ్ముడూ అబద్ధం చెప్పలేదు. అమెరికా పన్ను చట్టంలో 179వ సెక్షన్ ఒకటి ఉంది. చిన్న వ్యాపారాలు పరికరాల ఖరీదును ఒక పరిమితి దాకా వాడకం మొదలుపెట్టిన ఏడాదే పూర్తిగా తగ్గించుకోవడానికి అది వీలిస్తుంది. మన దగ్గర ఆ వెసులుబాటు లేదు. కంప్యూటరు ఏళ్ళ తరబడి పనికొచ్చే ఆస్తి కాబట్టి అద్దె, కరెంటు బిల్లు లాగా ఒకేసారి ఖర్చు రాయనివ్వరు. 32వ సెక్షన్ కింద ఏటా 40 శాతం తరుగుదల (డిప్రిసియేషన్, అంటే ఆస్తి ఖరీదులో కొంత భాగాన్ని ఏటా ఖర్చుగా తగ్గించుకోవడం) ఇస్తారు, అదీ మిగిలిన విలువ మీద. లక్ష రూపాయల యంత్రానికి మొదటి ఏడు 40,000, రెండో ఏడు మిగిలిన 60,000 మీద 24,000, ఇలా తగ్గుతూ పోతుంది. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చి సెక్షన్ల నంబర్లు మారాయి గానీ, మీరు అడిగింది 2025-26 సంగతి కాబట్టి నేను చెప్పేవన్నీ 1961 చట్టం నంబర్లే.

అయితే మీకు అసలు దెబ్బ తగిలింది ఈ 40 శాతం దగ్గర కాదు. బిల్లు ఎవరి పేరున ఉంది, డబ్బు ఎలా ఇచ్చారు, యంత్రం ఎప్పుడు వాడకంలోకి వచ్చింది అన్న మూడింటి దగ్గర. మీరు పెట్టింది ఐదు లక్షలు. కాగితాలు సవ్యంగా ఉండి, మార్చిలో కొన్న మూడూ ఆ నెలలోనే వాడి ఉంటే సుమారు 1,58,000 తరుగుదల వచ్చేది. ఇప్పుడున్న పరిస్థితిలో నా లెక్కకు 34,000 వస్తుంది.

ముందు మీ సొంత లాప్‌టాప్‌ల సంగతి. తరుగుదల కావాలంటే ఆస్తి పూర్తిగానో కొంతవరకో కంపెనీదై ఉండాలి, కంపెనీ వ్యాపారానికి వాడి ఉండాలి. మీ వాటిలో రెండోది ఉంది, మొదటిది లేదు. కంపెనీ, మీరు చట్టం దృష్టిలో ఇద్దరు వేర్వేరు వ్యక్తులు. వాటాలన్నీ మీ కుటుంబం చేతిలోనే ఉన్నా అంతే. జూన్‌లోనే వాటిని కంపెనీ పుస్తకాల్లో ఆస్తిగా చూపి, ఆ మొత్తాన్ని మీ డైరెక్టరు ఖాతాకు జమ రాసి ఉంటే, కంపెనీ అప్పుడే తీసుకుందని వాదించడానికి ఆస్కారం ఉంటుంది. ఆడిటర్ని అడిగి చూడండి. అలాంటి ఎంట్రీ లేకపోతే 2025-26కు వాటిని వదిలేసుకోవాల్సిందే.

ఇకముందు కోసం ఒక దారి ఉంది. వాటిని ఇప్పుడు కంపెనీకి అమ్మండి. కొన్న ధరకు కాదు, ఏడాది పైగా వాడిన లాప్‌టాప్‌కు ఈ రోజు బజారులో ఎంత వస్తుందో ఆ ధరకు. బోర్డు మీటింగులో ఈ లావాదేవీలో మీకు స్వప్రయోజనం ఉందని చెప్పి మినిట్స్‌లో రాయించండి. ప్రైవేటు కంపెనీల్లో అలా వెల్లడించిన డైరెక్టరు మీటింగులో పాల్గొనవచ్చు కాబట్టి, ఇద్దరే డైరెక్టర్లున్న మీకు కోరం (మీటింగు చెల్లడానికి ఉండాల్సిన కనీస సంఖ్య) చిక్కు రాదు. సీరియల్ నంబర్లు వేసి చిన్న అమ్మకపు పత్రం రాసుకుని, డబ్బు బ్యాంకు ద్వారా మీ ఖాతాలో వేయించుకోండి. కొన్నదానికంటే తక్కువకే అమ్ముతారు కాబట్టి మీకు లాభమూ ఉండదు, దాని మీద పన్నూ ఉండదు. ఎవరైనా పాత మార్చి తేదీతో తీర్మానం రాసేయమని సలహా ఇస్తే మాత్రం వినకండి. బ్యాంకు స్టేట్‌మెంట్‌లో తేదీ మే అని కనబడుతుంటే మినిట్స్‌లో మార్చి అని ఉండటం కంటే ఇబ్బందికరమైన సాక్ష్యం ఉండదు.

ఎస్‌పీ రోడ్డు వ్యవహారం మీద కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే బెంగళూరులో చిన్న కంపెనీలు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే. 43వ సెక్షన్ ఒకటో ఉపవిభాగంలో ఒక నిబంధన ఉంది. ఆస్తి కొనడానికి ఒక వ్యక్తికి ఒకే రోజున 10,000కు మించి నగదు ఇస్తే, ఆ మొత్తాన్ని ఆస్తి ఖరీదులో కలపరు. మీ 90,000 ఆ లెక్కన గాలికి పోయినట్టే. ఆ ఏడాదికే కాదు, ఎప్పటికీ తరుగుదలలోకి రాదు. కంపెనీ ఖాతా నుంచి వెళ్ళిన 50,000కు మాత్రం బ్యాంకు రుజువు ఉంది. ఆగస్టు నుంచి వాడుతున్నారు కనుక దాని మీద పూర్తి 40 శాతం, అంటే 20,000 అడగవచ్చు. ఎస్టిమేట్ చీటీ బలహీనమైన కాగితమే అయినా దాన్ని పారేయకండి, సీరియల్ నంబర్ల ఫోటోలతో కలిపి ఫైల్లో పెట్టండి. యూపీఐ, క్రెడిట్ కార్డు, నెట్ బ్యాంకింగ్ ఏదైనా నగదు కిందకు రాదు కాబట్టి అక్కడ భయం లేదు.

జీఎస్టీ వైపు చూస్తే మీరు చేసిన బేరం ఇంకా విచిత్రం. బిల్లు తీసుకుంటే 18 శాతం, అంటే 25,200 ఎక్కువయ్యేది, నిజమే. కానీ మీకు జీఎస్టీ నంబరుంది. ఆ 25,200 ఇన్‌పుట్ క్రెడిట్‌గా మీ చేతికే వచ్చి, మీరు క్లయింట్ల దగ్గర వసూలు చేసి కట్టాల్సిన పన్నులో తగ్గిపోయేది. ఎలాగూ తిరిగి వచ్చే డబ్బును ‘మిగుల్చుకుని’ బిల్లు పోగొట్టుకున్నారు. ఇప్పుడైనా ఆ కొట్టుకు వెళ్ళి, వరుస నంబరుతో, ఇవాళ్టి తేదీతో, కంపెనీ పేరూ జీఎస్టీ నంబరూ వేసిన బిల్లు అడగండి. పన్ను అదనంగా అడిగితే బ్యాంకు ద్వారా ఇవ్వండి. అది మీ జీఎస్టీఆర్-2బీలో, అంటే మీకు రావాల్సిన క్రెడిట్లను చూపే జీఎస్టీ పోర్టల్ పట్టికలో, కనబడ్డాకే క్రెడిట్ తీసుకోండి. బిల్లు వచ్చినా 90,000 నగదు తంటా మాత్రం తీరదు.

ఒక చిన్న హెచ్చరిక. మీ ఆదాయంలో ఎక్కువ భాగం విదేశీ క్లయింట్లదై, ఎల్‌యూటీ (జీఎస్టీ శాఖకు ఇచ్చే హామీ పత్రం) మీద పన్ను కట్టకుండా ఎగుమతి చేస్తుంటే, కంప్యూటర్ల లాంటి క్యాపిటల్ గూడ్స్ మీద కట్టిన జీఎస్టీ రిఫండ్‌గా రాదు. ఇక్కడి క్లయింట్ల పన్నులో సర్దుకోవడమే.

మార్చి లాప్‌టాప్‌ల బిల్లు చక్కగా ఉంది. 37,800 క్రెడిట్‌కు యంత్రం వాడారా లేదా అన్నది అవసరం లేదు, సరుకు అంది బిల్లు ఉంటే చాలు. 2026 నవంబరు 30 దాటకుండా తీసుకోండి. ఆ మొత్తాన్ని మళ్ళీ ఖరీదులో కలిపి తరుగుదల అడగకూడదు, రెండింట్లో ఒకటే. తరుగుదలకు మాత్రం వాడకం ముఖ్యం. మొదటి ఏడాది 180 రోజుల కంటే తక్కువ వాడితే సగం రేటే. అంటే సుమారుగా అక్టోబరు 3 దాటి వాడకంలోకి వచ్చినవాటికి 20 శాతం. మీరు తెరిచిన 70,000 లాప్‌టాప్‌కు 14,000 వస్తుంది. డబ్బాల్లో ఉన్న రెండింటికి సున్నా. దీనికి బాధపడక్కర్లేదు. సగం రేటు నిబంధన కొన్న ఏడాదిలోనే వాడకం మొదలైనవాటికి మాత్రమే. కొన్నది ఒక ఏడాది, వాడకం మరుసటి ఏడాది మొదలైతే మరుసటి ఏడాది పూర్తి తరుగుదల వస్తుంది. మార్చి 31 దాటకముందే అన్నీ విప్పేయాలని టెన్షన్ పడే కంపెనీలను చూస్తుంటాను, చాలాసార్లు అవసరం లేని హడావుడి.

ప్రింటరు, స్కానరు, సర్వరు కంప్యూటరులో భాగమేనని ఢిల్లీ హైకోర్టు ఒప్పుకుంది కాబట్టి వాటికీ అదే రేటు. మొబైల్ ఫోన్ కంప్యూటరు కాదని కేరళ హైకోర్టు తేల్చింది, దానికి 15 శాతం. ఏసీకీ 15, కుర్చీలు బల్లలకు 10.

మీ అబ్బాయి వాడకం గురించి పెద్దగా కంగారు వద్దు. కంపెనీ లాప్‌టాప్‌ను ఉద్యోగి సొంతానికి వాడుకున్నా, పర్క్విజిట్ నిబంధనలు (ఉద్యోగికి జీతంతో పాటు అందే సౌకర్యాల మీద పన్ను వేసేవి) దానికి విలువ కట్టవు. మిగతా వస్తువులకు కట్టే 10 శాతం లెక్క నుంచి లాప్‌టాప్‌లు, కంప్యూటర్లను మినహాయించారు. సాయంత్రం పిల్లవాడు హోంవర్కు చేసుకుంటే ఎవరూ పట్టించుకోరు. ఆ లాప్‌టాప్ ఆఫీసు మొహమే చూడకుండా పూర్తిగా వాడిదైపోతే మాత్రం అది కంపెనీ వ్యాపారానికి వాడినది కాదు, దాని మీద తరుగుదల అడగకండి.

చివరిగా, వచ్చే ఏడాదికి అట్టిపెట్టుకోవడం కుదరదు. మీరు అడిగినా అడగకపోయినా తరుగుదల తీసుకున్నట్టే లెక్కించాలని 32వ సెక్షన్ వివరణలోనే ఉంది. వదిలేస్తే విలువ తగ్గిపోతుంది, ప్రయోజనం రాదు. నష్టం వచ్చిన ఏడాది దాన్ని చూపడం వల్ల మీకు పోయేదేమీ లేదు. ఆదాయం చాలక మిగిలిపోయిన తరుగుదలను ఎన్నేళ్ళయినా ముందుకు తీసుకెళ్ళవచ్చు. మామూలు వ్యాపార నష్టానికి అలా కాదు, ఎనిమిదేళ్ళ గడువుంది, పైగా రిటర్ను సమయానికి వేస్తేనే. మొదటి ఏడాది జీతాలు, అద్దె వల్ల వచ్చిన నష్టమే మీకు పెద్దది కాబట్టి రిటర్ను గడువైన అక్టోబరు 31 తేదీని ఆడిటరు మీద వదిలేయకుండా మీరే గుర్తుపెట్టుకోండి.