పింక్ ఫ్లాయిడ్‌ను కొత్తగా వినేవారు ఏ ఆల్బమ్‌తో మొదలుపెట్టాలి?

తెలుగు సినిమా పాటలు, కొద్దిగా కర్ణాటక సంగీతం తప్ప వేరే అలవాటు లేదని చెబుతూ, పింక్ ఫ్లాయిడ్ అనే ఇంగ్లీషు రాక్ బృందాన్ని 1967 నాటి తొలి ఆల్బమ్ నుంచి వరుసగా వినాలా, లేక పేరుమోసిన పాటలను ఏరుకొని వింటే సరిపోతుందా అని ప్రశ్నకర్త అడిగారు. రెండూ వద్దనే నా సలహా. 1975లో వచ్చిన ‘విష్ యూ వర్ హియర్’ ఆల్బమ్‌ను మొదటి నుంచి చివరి దాకా ఆపకుండా వినండి. అందులో ఉన్నవి అయిదే పాటలు, మొత్తం నిడివి ముప్పావు గంటకు కాస్త తక్కువ.

వరుసగా ఎందుకు వద్దంటున్నానంటే, 1965లో లండన్‌లో ఏర్పడిన ఈ బృందం తొలి ఆల్బమ్ చేసేనాటికి పాటలు రాసి పాడిన ప్రధాన వ్యక్తి సిడ్ బారెట్. మానసిక స్థితి దెబ్బతినడంతో ఆయన 1968లో బృందానికి దూరం కావలసి వచ్చింది. అప్పటికే గిటారిస్టుగా డేవిడ్ గిల్మర్ వచ్చి చేరారు. ఆ తర్వాత రోజర్ వాటర్స్, గిల్మర్, రిచర్డ్ రైట్, నిక్ మేసన్ నలుగురూ కలిసి తయారుచేసిన సంగీతం దారి వేరు. 1967 నాటి ఆల్బమ్ విని, ఇది మనకు పట్టుబడే వ్యవహారం కాదని వదిలేసినవారిని నేను ఎరుగుదును.

మేము కడపలో చదువుకునే రోజుల్లో క్యాసెట్ల అంగళ్లలో సినిమా పాటలూ అన్నమయ్య కీర్తనలూ దొరికేవి గాని, ఇంగ్లీషు రాక్ సంగీతం అడిగితే అంగడి ఆయన మా ముఖం వంక చూసేవాడు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా అన్న తెచ్చిన క్యాసెట్టుతో నాకు ఈ బృందం పరిచయమైంది. క్యాసెట్టు కావడం ఒక రకంగా మేలే చేసింది. పాటను దాటవేయాలంటే టేపును ముందుకు తిప్పి వెతుక్కోవాలి, అంత ఓపిక లేక మొత్తం వినేవాళ్లం.

ఆ ఆల్బమ్‌లోని మొదటి పాట ‘షైన్ ఆన్ యూ క్రేజీ డైమండ్’ పదమూడు నిమిషాలు దాటుతుంది, అందులో గొంతు వినిపించేది ఎనిమిది నిమిషాలు గడిచాకే. సినిమా పాటకు అలవాటుపడిన చెవికి ఇది పరీక్షే గాని, కచేరీలో రాగాలాపనకు కుదురుగా కూర్చోగలిగినవారికి ఇబ్బంది ఉండదు. ముందు శ్రుతిపెట్టె పట్టినట్టు కదలకుండా నిలిచే కీబోర్డు నాదం, అందులో కలిసిపోయి గాజు గ్లాసుల అంచును తడివేలితో రుద్దగా వచ్చిన ధ్వని, ఆ పైన తొందరలేని గిటారు వినిపిస్తాయి. సుమారు నాలుగో నిమిషంలో అంతా సద్దుమణిగాక, గిల్మర్ నాలుగే నాలుగు స్వరాలు మీటి ఆగుతారు. పాట మొత్తానికీ బీజం ఆ నాలుగు స్వరాలే. ఇది బారెట్‌ను తలచుకొని రాసిన పాట. 1975 జూన్‌లో, ఈ ఆల్బమ్ పని జరుగుతుండగా, బారెట్ చెప్పాపెట్టకుండా అబీ రోడ్ స్టూడియోకు వచ్చారట. తల, కనుబొమలు గొరిగించుకొని, బాగా లావెక్కిన ఆ మనిషిని పాత స్నేహితులు వెంటనే పోల్చుకోలేకపోయారు. ఈ సంగతి తెలిశాక రెండోసారి వినండి.

ఆల్బమ్ పేరే పెట్టుకున్న పాట మొదట్లో ఎవరో రేడియో ముల్లు తిప్పుతున్నట్టు గరగర శబ్దం, ఏవో మాటలు, ఒక క్షణం పాటు చైకోవ్‌స్కీ నాలుగో సింఫనీ వినబడతాయి. తర్వాత పలుచని, దూరపు గిటారు ఒకటి రేడియోలో నుంచి వస్తున్నట్టు మొదలవుతుంది. కాసేపటికి నిండైన ధ్వనితో ఇంకో గిటారు, గదిలో మన పక్కన కూర్చొని రేడియోతో పాటు వాయిస్తున్నట్టు, దానికి జతకూడుతుంది. ఆకాశవాణి కడప కేంద్రం పట్టడానికి ముల్లు అటూ ఇటూ జరిపిన తరం వారికి ఈ చమత్కారం మరింత బాగా అందుతుంది.

ఆ తర్వాత 1973 నాటి ‘ది డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్’ వినవచ్చు. అమెరికాలో 1988 దాకా మొత్తం 741 వారాలు బిల్‌బోర్డ్ పత్రిక ప్రకటించే ఆల్బముల పట్టికలో నిలిచిన ఆల్బమ్ కాబట్టి చాలామంది దీనితోనే మొదలుపెట్టమంటారు, అదీ తప్పు కాదు. ఇందులోని ‘మనీ’ పాటను చేత్తో తాళం వేస్తూ వినండి. నాణేలు, చిల్లర పెట్టె చప్పుళ్లతో కట్టిన ఆ నడక ఏడేసి మాత్రలది. మృదంగం నేర్చిన మా స్నేహితుడు ఒకాయన వినగానే మిశ్రచాపు అని లెక్క కట్టి, సాక్సఫోన్ దాకా హాయిగా వచ్చి, గిటారు అందుకోగానే తడబడ్డాడు. అక్కడ నడక నాలుగు మాత్రలకు మారిపోతుంది. ఇదే ఆల్బమ్‌లో క్లేర్ టోరీ అనే గాయని ఒక్క మాట కూడా లేకుండా గొంతుతోనే ఒక పాటను నిలబెట్టారు. సాహిత్యం అర్థం కాదేమోనని జంకేవారికి అది మంచి ప్రవేశం.

ఫోన్‌లో వినేవారు షఫుల్ ఆపివేయాలి, పాటకూ పాటకూ మధ్య ఖాళీ రాకుండా సెట్టింగు చూసుకోవాలి, ఎందుకంటే ఈ ఆల్బమ్‌లో చాలా పాటలు ఒకదానిలోకి ఒకటి జారిపోతాయి. ఇది మొదలయ్యేది, ముగిసేది గుండె చప్పుడుతో. ఫోన్ స్పీకరులో అది వినబడదు. మా కడప ఎండల్లో ఫ్యాను ఆపి వినమని ఎవరికీ చెప్పలేను గనుక, మంచి హెడ్‌ఫోన్లు పెట్టుకోవడమో, రాత్రి మిద్దె మీద పడుకొని వినడమో మేలు.

మూడోదిగా 1971 నాటి ‘మెడిల్’ తీసుకొని, ఇరవైమూడు నిమిషాలకు పైగా సాగే ‘ఎకోస్’ వినండి. 1977 నాటి ‘యానిమల్స్’ కాస్త కరకుగా ఉంటుంది గాని నాకు ఇష్టం. బడిపిల్లల బృందగానం వల్ల అందరికీ తెలిసిన పాట ఉన్నది 1979 నాటి ‘ది వాల్’లో. రెండు రికార్డుల నిడివిగల ఆ ఆల్బమ్ ఒకే మనిషి కథ, సంగీతం కన్నా మాటల బరువు ఎక్కువ, కాబట్టి పాటల సాహిత్యం ఎదురుగా పెట్టుకొని చివర్లో వినడం మంచిది. వాటర్స్ వెళ్లిపోయాక వచ్చిన ఆల్బములకు తొందర లేదు. ఇక బారెట్ నాటి మొదటి ఆల్బమ్‌ను మాత్రం, ‘షైన్ ఆన్’ ఎవరిని పిలుస్తున్నదో మీకు తెలిసిపోయింది కనుక, ఇవన్నీ అయ్యాక తప్పకుండా వినండి.