యాపిల్ నల్లబడితే ఐరన్ ఉన్నట్టా?

ప్రశ్న: మా అమ్మాయికి రక్తం తక్కువగా ఉందన్నారు. కోసిన యాపిల్ నల్లబడేది ఐరన్ వల్లేనట కదా! రోజూ రెండు పెడుతున్నాను. సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఆ రంగుకూ ఐరన్‌కూ సంబంధం లేదు. కోసినప్పుడు కణాలు చిట్లుతాయి. లోపలున్న పాలీఫినాల్ ఆక్సిడేజ్ అనే ఎంజైముకు గాలి తగలగానే పండులోని ఫినాల్ పదార్థాలు గోధుమరంగుకు తిరుగుతాయి. నిమ్మరసం రాస్తే రంగు ఆగేది కూడా ఆ పులుపులో ఎంజైము సరిగా పనిచేయకపోవడం వల్లే. 100 గ్రాముల యాపిల్‌లో ఐరన్ 0.12 మిల్లీగ్రాములే. ఉదాహరణకు 8 మిల్లీగ్రాముల ఐరన్ రావాలంటే ఆరేడు కిలోలు తినాలి! హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించి, డాక్టరు రాసిన మాత్రలు వాడండి. పండు పెట్టడం మానక్కర్లేదు, దాన్నే మందనుకోవద్దు.

ప్రశ్న: నాకు షుగర్ ఉంది. యాపిల్ తినొచ్చా, జ్యూస్ తాగొచ్చా?

జవాబు: పండు తినొచ్చు, జ్యూస్ వద్దు. 180 గ్రాముల పండులో పిండిపదార్థాలు 25 గ్రాములు, అందులో 19 గ్రాములు చక్కెరలే. తొక్కతో తింటే పీచు 4 గ్రాములు దాటుతుంది. చెక్కేస్తే దాదాపు సగం పోయినట్టే. వడకట్టిన జ్యూస్‌లో పీచు ఉండదు, నమిలే పనీ లేదు, చక్కెర చప్పున రక్తంలోకి చేరుతుంది. ముందు సగం పండు తిని, రెండు గంటల తర్వాత గ్లూకోమీటర్‌తో చూసుకోండి. షుగర్ 70 కంటే కిందికి పడిపోయినప్పుడు మాత్రం అర గ్లాసు జ్యూస్ పనికొస్తుంది.

ప్రశ్న: రాత్రిపూట తింటే విషమట, నిజమేనా?

జవాబు: కాదు. కొందరికి ఇందులోని ఫ్రక్టోజ్, సార్బిటాల్ అనే తీపి పదార్థాలు పడక కడుపు ఉబ్బరిస్తుంది. వాళ్లకు పొద్దున తిన్నా అంతే.

ప్రశ్న: గీకితే తెల్లటి మైనం వస్తోంది. గింజల్లో సయనైడ్ కూడా ఉంటుందట. ఇక తినేదెలా?

జవాబు: యాపిల్‌కు పుట్టుకతోనే మైనం పొర ఉంటుంది. కడిగినప్పుడు అది పోతుంది కాబట్టి కార్నౌబా (ఒక తాటిజాతి చెట్టు ఆకుల మైనం), షెల్లాక్ (లక్క) వంటి తినదగిన పూత పూస్తారు. దాని గురించి భయం అనవసరం. పట్టించుకోవాల్సింది పురుగుమందుల్ని. అర లీటరు నీళ్లలో టీస్పూను వంటసోడా కలిపి, పండ్లను 15 నిమిషాలు నానబెట్టి, రుద్ది కడగండి. పైపైన ఉన్నది చాలావరకు పోతుంది, తొక్కలోకి ఇంకినది పోదు. గింజల్లో ఉండేది అమిగ్డలిన్ అనే పదార్థం. నమిలినా, నలిగినా దాన్నుంచి సయనైడ్ పుడుతుంది. ఒకటి రెండు గింజలు పొరపాటున మింగితే అలాగే బయటికి పోతాయి. మిక్సీలో వేసేటప్పుడు మాత్రం గింజలు తప్పకుండా తీసేయండి.