5వ సెకనులో 18 మీటర్లు: కీ తప్పు కాదు

మీ ప్రశ్న ఇది: విరామస్థితి నుంచి సమత్వరణంతో బయలుదేరిన కారు 5వ సెకనులో 18 మీటర్లు పోయింది. త్వరణం ఎంత? మొదటి 10 సెకన్లలో ఎంత దూరం పోతుంది? త్వరణం మీకు 1.44 వస్తోంది, కీలో 4 అని ఉంది, కీ తప్పేమో అంటున్నారు.

కీ కరెక్టే. మీకు 1.44 ఎలా వచ్చిందో కూడా చెప్పగలను. ఇంటర్ ఫస్టియర్ క్వార్టర్లీలో నేనూ అచ్చం ఇలాగే చేశాను. ఎస్ = ½ఏటి² (ఎస్ దూరం, ఏ త్వరణం, టి కాలం) లో ఎస్ దగ్గర 18, టి దగ్గర 5 వేశారు. 5 సెకన్లలో అంటే బయలుదేరినప్పటి నుంచి ఐదు సెకన్లు గడిచేదాకా. 5వ సెకనులో అంటే నాలుగు సెకన్లు అయిపోయాక వచ్చే ఆ ఒక్క సెకను. తేడా అంతా ఆ 'వ' అక్షరంలో ఉంది. నాకు దాని వల్ల నాలుగు మార్కులు పోయాయి.

పేపర్లు ఇచ్చిన రోజు మా ఫిజిక్స్ సార్ సూత్రం జోలికే పోలేదు. బోర్డు మీద వేగం-కాలం గ్రాఫు గీశారు. మూల నుంచి వాలుగా ఒక గీత, సెకనుకొకటి చొప్పున నిలువు గీతలు. మొదటి సెకనులో ఒక చిన్న త్రిభుజం వచ్చింది. రెండో సెకను ముక్కను అదే కొలత త్రిభుజాలుగా విడదీస్తే మూడు, తర్వాతి దాంట్లో ఐదు, ఆపైన ఏడు, తొమ్మిది. ఒక్కొక్కటే సుద్దముక్కతో నింపుతూ మా చేత లెక్కపెట్టించారు. గ్రాఫు కింద వైశాల్యమే దూరం కదా, కాబట్టి వరస సెకన్లలో పోయే దూరాలు 1, 3, 5, 7, 9 నిష్పత్తిలో ఉంటాయి. ఆ బొమ్మ ఇప్పటికీ నా కళ్ల ముందే ఉంది.

మీ లెక్కకు పెట్టి చూడండి. ఐదో సెకనుకు 9 త్రిభుజాలు, దూరం 18 మీటర్లు, అంటే త్రిభుజానికి 2 మీటర్లు. మొదటి సెకనులో పోయే దూరం త్వరణంలో సగం, కాబట్టి త్వరణం 4 మీ/సె². పది సెకన్లకు మొత్తం త్రిభుజాలు 1 + 3 + 5 + ... + 19, అంటే 10 × 10 = 100, దూరం 200 మీటర్లు. సరిచూసుకోవాలంటే, ఆ ఒక్క సెకనులో సగటు వేగం 18 మీ/సె, సమత్వరణంలో అది ఐదో సెకను నడిమధ్య, అంటే 4.5 సెకన్ల దగ్గర, ఉండే వేగమే. 18ని 4.5తో భాగిస్తే మళ్లీ 4.

ఈ బేసి సంఖ్యల వరస గెలీలియో కనిపెట్టినది. వాలు పలక గాడిలో కంచు గుండు దొర్లించి, పాత్రలోంచి కారిన నీళ్లు తూచి కాలం కొలిచానని 1638లో అచ్చయిన పుస్తకంలో రాశాడు. మీరు ఇంట్లోనే చేయొచ్చు, నేను చేశాను. రెండు మీటర్ల అల్యూమినియం చానెల్ ఒక చివర జానెడు ఎత్తు పెట్టి, గోళీ వదిలే చోటు నుంచి 10, 40, 90, 160 సెంటీమీటర్ల దగ్గర (మధ్య దూరాలు 10, 30, 50, 70, అదే 1, 3, 5, 7 నిష్పత్తి) సన్నటి కుట్టుదారం బిగించి కట్టాను. గోళీ దొర్లుతుంటే టిక్, టిక్, టిక్, టిక్ అని సమానంగా వినిపించింది. దారం లావుగా ఉంటే మాత్రం గోళీ తట్టుకుని నెమ్మదిస్తుంది.

ఒక్క జాగ్రత్త. తొలివేగం సున్నా అయితేనే ఈ నిష్పత్తి వాడాలి. అయితే సమంగా బ్రేకు పడి ఆగే బస్సు లెక్కకూ ఇది పనికొస్తుంది. వీడియో వెనక్కి తిప్పినట్టు ఊహించుకోండి, అప్పుడు బస్సు విరామం నుంచే బయలుదేరుతుంది. 3 మీ/సె² చొప్పున వేగం తగ్గుతూ ఆగే బస్సు ఆఖరి సెకనులో పోయే దూరం 1.5 మీటర్లు, అంతకుముందు ఎంత వేగంతో వస్తున్నా సరే. తొలివేగం ఇవ్వలేదు కదా అని ఎంసెట్ మోడల్ పేపర్లో నేను వదిలేసి వచ్చింది ఈ ప్రశ్ననే.