నా డిప్రెషన్ మా అబ్బాయికీ వస్తుందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, కొన్నేళ్లుగా డిప్రెషన్‌కి మందులు వాడుతున్నాను. కాస్త బాగుందనిపించగానే ఆపేస్తాను, మళ్లీ మొదటికొస్తుంది. మా అబ్బాయికి తెలియకూడదని మాత్రలు విటమిన్ డబ్బాలో పోసి దాస్తాను. వాడికి పదమూడేళ్లు. నేను పడుకుని ఉంటే తొంగి చూసి, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికేసి వెళ్లిపోతాడు. ఈమధ్య మాటలూ తగ్గించాడు. డిప్రెషన్ ఉన్నవాళ్ల పిల్లలకు ఆ జబ్బు ముప్పు మూడు రెట్లు ఎక్కువని చదివినప్పటి నుంచి ఒకటే టెన్షన్. నా జబ్బు వాడికి అంటించేశానా?
– ఒక అమ్మ

జవాబు: మీరు చదివింది నిజమేనమ్మా. అమెరికాలోని కొలంబియా యూనివర్సిటీలో మిర్నా వైస్‌మన్ బృందం డిప్రెషన్ ఉన్నవాళ్లనీ లేనివాళ్లనీ, వాళ్ల పిల్లల్నీ, ఆ తర్వాత మనవల్నీ 1982 నుంచి ఏళ్ల తరబడి గమనిస్తూ వచ్చింది, ఆ మూడు రెట్లన్న మాట ప్రధానంగా అక్కడి నుంచి వచ్చిందే. కానీ అది రెండు గుంపుల మధ్య పోలిక, మీ అబ్బాయి జాతకం కాదు. కవల పిల్లల మీద జరిగిన పరిశోధనల్ని కలిపి చూస్తే డిప్రెషన్‌లో వంశపారంపర్యం వాటా సుమారు 37 శాతం, మిగతాదంతా బతుకులో ఎదురయ్యే పరిస్థితులది. డిప్రెషన్ ఉన్న తల్లుల దగ్గర పెరిగిన దత్తత పిల్లల్లోనూ ముప్పు ఎక్కువే కనిపించింది. రక్తసంబంధం లేకపోయినా అంటే, ఇంటి వాతావరణానికీ వాటా ఉందన్నమాట, దాన్నైతే మార్చుకోవచ్చు.

అందుకే, మూడు రెట్ల సంగతి కన్నా మీరు మందులు ఆపేస్తూ ఉండటం నన్ను ఎక్కువ కలవరపెట్టింది. 2006లో అచ్చయిన ఒక అధ్యయనంలో 151 మంది తల్లులనీ వాళ్ల పిల్లలనీ చూశారు. చికిత్స ఇచ్చింది తల్లులకు. మూడు నెలల్లో డిప్రెషన్ పూర్తిగా తగ్గిన తల్లుల పిల్లల్లో మానసిక సమస్యలున్నవారి శాతం 11 పాయింట్లు తగ్గితే, తగ్గని తల్లుల పిల్లల్లో 8 పాయింట్లు పెరిగింది. ఇంకొకటి, ముప్పున్న టీనేజ్ పిల్లలకు ముందుగానే ఆలోచనా సరళిని సరిదిద్దుకునే క్లాసులు పెడితే, తర్వాతి 9 నెలల్లో డిప్రెషన్ వచ్చినవాళ్లు 21.4 శాతం, క్లాసులు లేనివాళ్లలో 32.7 శాతం. అయితే ఆ సమయానికి అమ్మో నాన్నో డిప్రెషన్‌లోనే ఉన్న ఇళ్లలో ఆ క్లాసుల వల్ల తేడా ఏమీ కనబడలేదు! కాబట్టి మీ మాత్ర మీరు మానకుండా వేసుకోవడం వాడికి కూడా వైద్యమే. ఆపాలనిపిస్తే డాక్టర్‌తో మాట్లాడి మెల్లగా తగ్గించుకోండి, మీ అంతట మీరు వద్దు.

ఇక ఆ విటమిన్ డబ్బా. తలుపు అంత జాగ్రత్తగా వేసే పిల్లాడికి ఏమీ తెలియదనుకోవడం మన భ్రమ. బోస్టన్‌లో పిల్లల సైకియాట్రిస్ట్ విలియం బియర్డ్‌స్లీ ఇలాంటి కుటుంబాలతో చాలాకాలం పనిచేశారు, నిలదొక్కుకున్న పిల్లల్లో ఆయనకు కనిపించింది ఏమిటంటే, అమ్మానాన్నలకు ఉన్నది జబ్బని, అది తమ తప్పు కాదని వాళ్లకు అర్థమై ఉండటం. చెప్పకపోతే తన వల్లే అమ్మ ఇలా ఉందని వాడే ఒక కథ అల్లుకుంటాడు. రెండు ముక్కల్లో చెప్పండి చాలు: "నాకు డిప్రెషన్ అనే జబ్బుంది, నీ వల్ల రాలేదు, దాన్ని తగ్గించే పని నాదీ డాక్టర్‌దీ, నీది కాదు." వాడు ఏమీ అనకుండా లేచి వెళ్లిపోయినా ఫర్వాలేదు.

బ్రిటన్‌లోని కార్డిఫ్ యూనివర్సిటీ పరిశోధకులు పదేపదే డిప్రెషన్ వచ్చిన తల్లిదండ్రుల పిల్లల్ని గమనిస్తే, చివరిదాకా ఏ మానసిక సమస్యా లేకుండా ఉన్నవాళ్లు ఐదుగురిలో ఒకరు. తక్కువే, కానీ వాళ్ల లెక్క చాలా కఠినం, ప్రవర్తన సమస్యలు కూడా కలిపేశారు. ఆ పిల్లలకు తోడుగా నిలిచినవి ఇవి: అమ్మానాన్నలు చూపించే ఆప్యాయత, రెండో పేరెంట్ అండ, మంచి స్నేహాలు, నా వల్ల అవుతుందన్న నమ్మకం, తరచూ వ్యాయామం. వాళ్ల నాన్నగారికి ఇవన్నీ తెలుసా? మీ ఉత్తరంలో ఆయన మాటే లేదు.

ఇష్టమైన ఆటల మీద కూడా ఆసక్తి పోయి, చిరాకు, నిద్ర తేడాలు రెండు వారాలు దాటితే పిల్లల సైకియాట్రిస్ట్‌కి చూపించండి. చావు గురించి మాట్లాడితే మాత్రం ఆ రోజే.

ప్రశ్న: మా నాన్నగారికి డిప్రెషన్. జీన్ టెస్ట్ చేయిస్తే నాకు వస్తుందో లేదో తెలుస్తుందా?
– ఒక కూతురు

జవాబు: తెలియదమ్మా, డబ్బు దండగ. ఇందులో వందల జన్యువులు తలా కాస్త చేయి వేస్తాయి, వస్తుందో రాదో తేల్చే టెస్ట్ లేదు. దానికన్నా నాన్నగారికి ఏ వయసులో మొదలైంది, ఏ మందు పనిచేసింది అనేది అడిగి రాసి పెట్టుకోండి. ఎప్పుడైనా మీకు అవసరం పడితే డాక్టర్‌కి పనికొచ్చేది ఆ కాగితమే.