ఏఐ వచ్చాక కోడ్ తొందరగా వస్తోంది, మరి పని?

ప్రశ్న: నల్లగొండ ఐటీ టవర్‌లో ఓ చిన్న కంపెనీలో డెవలపర్‌ని. మిర్యాలగూడ రైస్ మిల్లులకు కాంటా, బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చేస్తాం. ఏఐ అసిస్టెంట్ ఇచ్చాం కాబట్టి సగం టైంలో పని అయిపోవాలంటున్నారు మా మేనేజర్. నాకూ స్పీడ్ పెరిగినట్టే ఉంది గానీ రాసిన కోడ్ రివ్యూలో, అంటే ఇంకొకరు చదివి ఓకే చెప్పే దగ్గర, రోజుల తరబడి ఆగుతోంది. అసలు లాభం ఉందా?
– ఓ పాఠకుడు, నల్లగొండ

జవాబు: ఆ ‘పెరిగినట్టే ఉంది’ అన్నదాన్ని లెక్కలోకి తీసుకోకండి. 2025లో మెటర్ అనే పరిశోధన సంస్థ 16 మంది అనుభవమున్న డెవలపర్లతో, వాళ్లకు బాగా తెలిసిన ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ అందుబాటులో ఉండే) ప్రాజెక్టుల్లోనే 246 పనులు చేయించింది. ఏఐ వాడిన పనులకు 19 శాతం ఎక్కువ టైం పట్టింది. అంతా అయ్యాక అడిగితే మాత్రం 20 శాతం తొందరగా చేశామనే చెప్పారు. అంతకుముందు కోపైలట్ అనే ఏఐ కోడింగ్ అసిస్టెంట్‌తో చేసిన ప్రయోగంలో, జావాస్క్రిప్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో హెచ్‌టీటీపీ సర్వర్‌ను (వెబ్ రిక్వెస్టులకు జవాబిచ్చే ప్రోగ్రామ్‌ను) మొదటి నుంచి రాయమంటే, ఏఐ ఉన్నవాళ్లు 55.8 శాతం తక్కువ టైంలో ముగించారు. రెండు ఫలితాలకూ పొత్తు కుదురుతుంది. ఖాళీ ఫైల్‌లో కొత్తగా రాసేటప్పుడు ఏఐ చాలా సాయం. ఏళ్లుగా పెరిగిన కోడ్‌లో చెయ్యిపెడితే, అది రాసింది చదివి సరిదిద్దడానికే టైం పోతుంది.

మీ పనిలోదే చూడండి. జూన్ నెల కాంటా ఎంట్రీలు తీయమంటే అసిస్టెంట్ న్యూ డేట్‌కు (జావాస్క్రిప్ట్‌లో తారీఖు తయారుచేసే ఆదేశానికి) "2025-06-01" అని ఇస్తుంది. జావాస్క్రిప్ట్ దాన్ని యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) అర్ధరాత్రిగా తీసుకుంటుంది, అంటే మనకు ఉదయం 5:30. ఒకటో తారీఖు తెల్లవారుజామున 3 గంటలకు తూకమైన ధాన్యం లారీ జూన్ లెక్కలోకి రాదు. పగటి ఎంట్రీలతో టెస్ట్ చేస్తే ఈ తప్పు కనబడనే కనబడదు. "2025-06-01T00:00:00+05:30" అని రాస్తే సరిపోతుంది. ఇలాంటివి పట్టుకోవడానికే మీ రివ్యూయర్ అంతసేపు కూర్చుంటున్నారు, ఆ టైం మీ ఖాతాలో పడట్లేదు.

మేనేజర్‌కు లెక్క చూపించండి. వచ్చే 30 టికెట్లకు (మీకు అప్పగించే ఒక్కో పనికి) ముందే అంచనా గంటలు రాసుకుని, ఒక్కోదానికి బొమ్మా బొరుసూ వేసి, ఏఐతోనా, లేకుండానా తేల్చుకోండి. మొదలుపెట్టినప్పటి నుంచి మెర్జ్ అయ్యేదాకా (అసలు కోడ్‌లో కలిసేదాకా) పట్టిన గంటలు, రివ్యూయర్ గంటలు, తర్వాత రెండు వారాల్లో వచ్చిన బగ్గులు నోట్ చేయండి. నచ్చిన టికెట్లకే ఏఐ వాడితే లెక్క చెల్లదు. తేలికైనవే అటు పోతాయి.

ఈలోగా టెస్ట్ డేటా, రిపోర్ట్ ఫార్మాట్లు, చిన్న స్క్రిప్టులు ఏఐకి వదిలేయండి. జీఎస్టీ, తరుగు, తారీఖుల లెక్కలకు మాత్రం ముందు టెస్టులు మీరే రాసి, తర్వాతే కోడ్ అడగండి. పుల్ రిక్వెస్ట్ (ఒకసారి రివ్యూకి పంపే కోడ్ మార్పులు) 200 లైన్లు దాటితే విడగొట్టండి. రివ్యూలో ఆగడం ముందు అక్కడే తగ్గుతుంది.